కొన్న పద్దు, పెంచిన పద్దు

నెల మొదటివారంలో పద్దుల పుస్తకం ముందేసుకుని కూర్చునే ఆడవాళ్ళకి ఇంగ్లండు ఫుట్‌బాల్ అభిమానుల గోల ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదని నా నమ్మకం. ఆట తెలియకపోయినా ఫరవాలేదు. ఇటు పదకొండుమందీ అటు పదకొండుమందీ ఒక్క బంతి కోసం కొట్టుకుంటారని తెలిస్తే చాలు. తక్కినదంతా సంసారమే. ఇంత డబ్బు నీ చేతిలో పోశాం గదా, ఏం కొన్నావు? కొన్నది పనికొచ్చిందా? బంగారంలాంటి పాత సామాను ఎందుకు తెగనమ్మావు? పక్కింటివాళ్ళు ఇంతకంటే తక్కువలో అంత చక్కగా ఎలా నెట్టుకొస్తున్నారు? జట్టు ఓడిన ప్రతివారం అక్కడి అభిమానులు మేనేజర్ని అడిగేవి ఈ నాలుగు ప్రశ్నలే.

మేనేజరు అనే మాట ఒక్కటి కాస్త చెప్పుకోవాలి. బ్యాంకు మేనేజరులాంటివాడు కాదాయన. ఎవర్ని ఆడించాలో, ఎవర్ని కూర్చోబెట్టాలో, ఎవర్ని కొనాలో, ఎవర్ని అమ్మాలో చూసుకునే పెద్దమనిషి. కొనడమంటే మనిషిని సంతలో కొనడమని కంగారుపడకండి. ఒప్పందం గడువు తీరకముందే ఒక ఆటగాణ్ణి తెచ్చుకోవాలంటే, అతని పాత క్లబ్బుకి సొమ్ము కట్టి విడిపించుకోవాలి. ఆ సొమ్ము లక్షల్లోంచి కోట్లలోకి పోయింది. అందుకే గెలుపోటములతోబాటు ఖర్చు లెక్క కూడా అభిమానుల నోళ్ళలో నానుతూ ఉంటుంది.

ఈ లెక్కల తగువులో నాకు అన్నిటికంటే ఆసక్తిగా తోచిన కథ మాంచెస్టర్‌ది. మాంచెస్టర్ అంటే మన అమ్మమ్మలకి మిల్లుబట్ట వచ్చిన ఊరు. ఆ ఊరికి రెండు పేరున్న క్లబ్బులు: యునైటెడ్ ఒకటి, సిటీ ఒకటి. యునైటెడ్‌కి 1945 నుంచి మాట్ బస్బీ అనే ఆయన పెద్దదిక్కు. కుర్రవాళ్ళని చేరదీసి, పెంచి, జట్టు కట్టాడు. 1958 ఫిబ్రవరి 6న మ్యూనిక్‌లో వాళ్ళ విమానం కూలిపోయింది. ఎనిమిదిమంది ఆటగాళ్ళతో సహా 23 మంది ప్రాణాలు పోయాయి. బస్బీ బతికి బయటపడి, మళ్ళీ మొదటినుంచి జట్టును కట్టుకొచ్చాడు. 1967లో లీగ్ గెలిచారు, 1968లో యూరోపియన్ కప్పు తెచ్చారు. అంతే! ఆ తరువాత లీగ్ కిరీటం ఆ గడప తొక్కడం మానేసింది. ఒకరి తరువాత ఒకరు మేనేజర్లు వచ్చారు, పోయారు.

1986 నవంబరు 6న రాన్ అట్కిన్సన్ అనే మేనేజర్ని పంపించేసి, స్కాట్లండునుంచి అలెక్స్ ఫెర్గుసన్‌ని తీసుకొచ్చారు. ఆయన సామాన్యుడు కాడు. అబర్డీన్ అనే చిన్న క్లబ్బుతో 1983లో రియల్ మాడ్రిడ్‌ని ఓడించి యూరపు కప్పు ఒకటి గెలిచినవాడు. అయినా ఇక్కడ మొదటి ఆటే ఓటమి. ఆక్స్‌ఫర్డ్ చేతిలో 2-0. ఆయన వచ్చేటప్పటికి 22 జట్లలో యునైటెడ్ 21వది. ఆ సీజను ముగిసేసరికి 11వ స్థానానికి ఎక్కించాడు. మరుసటేడు 2వ స్థానం. ఆహా అనుకుంటూ ఉండగానే ఆ పై ఏడు మళ్ళీ 11. పిల్లవాడి ప్రోగ్రెస్ రిపోర్టు ఇలా వస్తే ఏ తండ్రి ఊరుకుంటాడు?

1989 వేసవిలో ఫెర్గుసన్ బజారుకి వెళ్ళాడు. వెళ్ళాడంటే అలా ఇలా కాదు. నార్విచ్‌నుంచి మైక్ ఫీలన్‌కి ఏడున్నర లక్షల పౌండ్లు. నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌నుంచి నీల్ వెబ్‌కి 15 లక్షలు. మిడిల్స్‌బరోనుంచి గారీ పాలిస్టర్‌కి 23 లక్షలు. వెనక కాపలా కాసే ఆటగాడికి అంత ధర బ్రిటన్‌లో అంతకుముందు ఎవరూ పెట్టలేదు. వెస్ట్‌హామ్‌నుంచి పాల్ ఇన్స్‌కి సుమారు 10 లక్షలు. సౌతాంప్టన్‌నుంచి డానీ వాలెస్‌కి 12 లక్షలు. కలిపి చూసుకోండి, 70 లక్షల పౌండ్లకి కాస్త తక్కువ. ఆ రోజుల్లో క్లబ్బుకి ముఖ్యమైన రాబడి గేటు దగ్గర అభిమానులు కొనే టిక్కెట్టు డబ్బే. కాబట్టి ఆ బిల్లు తన జేబులోంచే కట్టినట్టు ప్రతివాడికీ అనిపించిందంటే తప్పు పట్టలేం.

పైగా అమ్మినవాళ్ళ సంగతొకటి ఉంది. గార్డన్ స్ట్రాకన్, పాల్ మెక్‌గ్రాత్, నార్మన్ వైట్‌సైడ్ ముగ్గురూ 1989లోనే గడప దాటారు. ముగ్గురూ జనం ముద్దుబిడ్డలు. వాళ్ళలో స్ట్రాకన్ వెళ్ళి లీడ్స్ జట్టుకి నాయకుడై, 1992లో లీగ్ గెలిపించాడు కూడా. మనం పాతదని ఇచ్చేసిన చీర తోడికోడలు కట్టుకుని పెళ్ళిలో మెరిసిపోతే ఎలా ఉంటుందో మీకు చెప్పాలా!

కొత్త సామాను సంగతి చూద్దామా అంటే, వెబ్ సెప్టెంబరులోనే ఇంగ్లండు తరఫున ఆడుతూ మడమ నరం తెగి మంచమెక్కాడు. ఆ నెల 23న యునైటెడ్ తన ఊరి పొరుగుజట్టు సిటీ చేతిలో 5-1 తేడాతో చిత్తుగా ఓడింది. సిటీ ఆ ఏడే కింది శ్రేణినుంచి పైకొచ్చిన జట్టు! నవంబరు నడుమనుంచి ఫిబ్రవరి దాకా లీగ్‌లో ఒక్క గెలుపైనా లేదు. డిసెంబరులో సొంత మైదానంలో క్రిస్టల్ ప్యాలెస్ చేతిలో ఓడిననాడు ఒక అభిమాని దుప్పటంత బానరు పైకెత్తాడు. మూడేళ్ళుగా సాకులు వింటున్నాం, ఆట ఇంకా చెత్తగానే ఉంది, ఇక సెలవు ఫెర్గీ అని దాని సారాంశం. అక్కడి మాట ఇంతకంటే మోటుగా ఉందిలెండి.

ఆ మనిషిని తొందరపాటువాడని మనం తీసిపారెయ్యగూడదు. అతని ముందు తెరిచిపెట్టిన పద్దు ఒక్కటే. అందులో ఇంత కొన్నాం, ఇంత పోయింది, ఇన్ని ఓడాం అని ఉంది. దాని ప్రకారం అతని కూడిక సరైనదే. అయితే ఆ క్లబ్బులో రెండో పద్దు పుస్తకం ఒకటుంది. అది వీధిగుమ్మంవైపు ఎవరూ చూపించలేదు.

ఫెర్గుసన్ వచ్చిన కొత్తలోనే ఒక సంగతి గమనించాడు. చుట్టుపక్కల పేటల్లో బాగా ఆడే కుర్రాళ్ళు యునైటెడ్ గడపలోకి రాకుండా సిటీ గడపలోకి పోతున్నారు. వెంటనే కుర్రాళ్ళని వెతికే మనుషుల్ని పెంచాడు. కుర్రజట్టుకి శిక్షణ ఇచ్చే ఎరిక్ హారిసన్‌తో కూర్చుని ఏ పిల్లాడు ఎలా ఉన్నాడో ఆరా తీశాడు. పెద్దజట్టులో ఆట అయ్యాక తాగుళ్ళకు పోయే అలవాటు మీద కత్తి దూశాడు. అమ్మిన ముద్దుబిడ్డల్లో ఇద్దరి విషయంలో ఈ అలవాటుది కూడా కొంత భాగం ఉంది.

1987 నవంబరు 29న ఫెర్గుసన్ ఒక ఇంటి తలుపు తట్టాడు. ఆ ఇంటి పిల్లాడికి ఆనాటితో పద్నాలుగు నిండాయి. అప్పటికి సిటీవాళ్ళ శిక్షణకే పోతున్నాడు. అంత పెద్ద క్లబ్బు మేనేజరు స్వయంగా వచ్చి, ఆ ఇంట్లో కూర్చుని మాట్లాడి, పిల్లాణ్ణి యునైటెడ్‌కి చేర్చుకున్నాడు. కొడుకుల సంగతి తరువాత, ముందు తల్లుల నమ్మకం సంపాదించాలనేది ఫెర్గుసన్ పద్ధతి. ఆ పిల్లాడు తరువాత తల్లి ఇంటిపేరే తన ఇంటిపేరుగా పెట్టుకున్నాడు. అతనే రయన్ గిగ్స్. 1991 నుంచి 2014 దాకా ఆ ఒక్క క్లబ్బుకే 963 ఆటలు ఆడాడు.

ఇంకో తేదీ చూడండి. 1989 మే 2. లండనునుంచి వచ్చిన ఒక పిల్లాడు తన పద్నాలుగో పుట్టినరోజునాడు యునైటెడ్ కాగితాల మీద సంతకం పెట్టాడు. పేరు డేవిడ్ బెకమ్. అంటే జనం బానరు ఎత్తేనాటికి గిగ్సూ బెకమూ ఇద్దరూ ఆ ఇంట్లోనే ఉన్నారన్నమాట! కనిపించలేదంతే. విత్తు మట్టిలో ఉన్నన్నాళ్ళూ పెరడు ఖాళీగానే కనిపిస్తుంది మరి.

1990 జనవరి 7. ఎఫ్.ఎ. కప్పులో నాటింగ్‌హామ్‌లో ఫారెస్ట్ జట్టుతో ఆట. ఇది ఓడితే ఫెర్గుసన్ ఇంటికేనని పత్రికలన్నీ రాసేశాయి. ఆవల ఫారెస్ట్ మేనేజరు ఎవరంటే బ్రయన్ క్లఫ్. ఈయన కథ తెలిస్తేగాని ఆ రోజు ఆట రుచి తెలియదు.

క్లఫ్ 1972లో డార్బీ అనే చిన్న క్లబ్బుకి లీగ్ గెలిపించినవాడు. 1974 జులై 30న లీగ్ విజేత లీడ్స్ ఆయన్ని మేనేజరుగా తెచ్చుకుంది. ఆయన వస్తూనే ముగ్గురు ఆటగాళ్ళని కొన్నాడు. అప్పటికే ఇంట్లో ఉన్న ఆటగాళ్ళతో ఆయనకి పొసగలేదు. వాళ్ళు సాధించిన గెలుపుల్ని తీసిపారేసినట్టు మాట్లాడితే ఎవరికి నచ్చుతుంది? లీగ్‌లో ఆరు ఆటల్లో ఒక్కటే గెలిచారు. సెప్టెంబరు 12న సాగనంపేశారు. మొత్తం 44 రోజులు! మన దగ్గర ఆషాఢంలో పుట్టింటికి వెళ్ళిన కొత్తకోడలు తిరిగి రావడానికి పట్టే కాలం కంటే ఓ పదిరోజులు ఎక్కువ. ఆ క్లఫే 1975 జనవరిలో రెండో శ్రేణిలో ఉన్న ఫారెస్ట్‌కి వెళ్ళాడు. 1979లో ట్రెవర్ ఫ్రాన్సిస్‌ని తెచ్చాడు. బ్రిటన్‌లో ఒక ఆటగాడికి 10 లక్షల పౌండ్లు పెట్టడం అదే మొదలు. ఆ ఫ్రాన్సిసే ఆ ఏడు యూరోపియన్ కప్పు ఫైనల్లో గెలుపు గోలు కొట్టాడు. 1980లో ఆ కప్పు మళ్ళీ వాళ్ళదే. 44 రోజుల్లో పనికిరాడని తేల్చేసిన మనిషి ఫారెస్ట్‌లో పద్ధెనిమిదేళ్ళున్నాడు.

అలాంటి మనిషి ఎదురుగా ఉండగా, ఆ జనవరిలో యునైటెడ్ 1-0తో గెలిచింది. గోలు కొట్టింది 23 లక్షల పాలిస్టరూ కాదు, 12 లక్షల వాలెసూ కాదు. ఇరవై ఏళ్ళ మార్క్ రాబిన్స్. క్లబ్బు కుర్రజట్టులో పెరిగినవాడు, పైసా పెట్టి కొనలేదు. సెమీ ఫైనల్ రెండోసారి ఆడవలసివస్తే అందులో గెలుపు గోలూ అతనిదే. ఫైనల్లో ఎదురు జట్టు ఎవరనుకున్నారు? డిసెంబరులో బానరు ఎత్తించిన ఆ క్రిస్టల్ ప్యాలెసే! మే 12న 3-3 సమానం. మే 17న మళ్ళీ ఆడితే 1-0. ఆ ఒక్క గోలు కొట్టినవాడు లీ మార్టిన్. అతనూ ఇంట్లో పెరిగిన కుర్రవాడే. ఫెర్గుసన్‌కి ఇంగ్లండులో మొదటి కప్పు అది. లీగ్‌లో మాత్రం ఆ ఏడు 13వ స్థానం.

రాబిన్స్ గోలే ఫెర్గుసన్ ఉద్యోగం నిలబెట్టిందని అక్కడ ఇప్పటికీ కథగా చెప్పుకుంటారు. క్లబ్బు ఛైర్మన్ మార్టిన్ ఎడ్వర్డ్స్ మాత్రం, ఆ రోజు ఓడినా ఆయన్ని తీసేసే ఉద్దేశం మాకు లేదని తరువాత చెప్పాడు. గెలిచాక ఎవరైనా అలాగే చెబుతారని మీరనవచ్చు. కాని బోర్డులో ఉన్నవాళ్ళు రెండో పద్దు చూసినవాళ్ళన్నది నిజం. పేటపేటా తిరిగి పిల్లల్ని ఏరడం వాళ్ళ కళ్ళముందే జరుగుతోంది.

తరువాతి చరిత్ర పిల్లలకి కూడా తెలుసు. 1992లో గిగ్స్, బెకమ్, గారీ నెవిల్, నికీ బట్ ఉన్న కుర్రజట్టు యూత్ కప్పు గెలిచింది. ఫైనల్లో ఓడింది మళ్ళీ క్రిస్టల్ ప్యాలెసే పాపం. 1993లో, 26 ఏళ్ళ తరువాత, లీగ్ కిరీటం ఇల్లు చేరింది. 2013లో ఫెర్గుసన్ విరమించేనాటికి అలాంటివి 13, అన్నీ కలిపితే 38 కప్పులు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. పెంచిన పద్దు గొప్పదని కొన్న పద్దును చిన్నచూపు చూడనక్కర్లేదు. అందరూ వృథా ఖర్చన్న పాలిస్టరు తొమ్మిదేళ్ళు ఆడి, నాలుగు లీగ్ కిరీటాలు గెలిచి, 1998లో మిడిల్స్‌బరోకే తిరిగి వెళ్ళాడు. ఎంతకి అమ్మారంటే 25 లక్షల పౌండ్లకి! కొన్నదానికంటే రెండు లక్షలు ఎక్కువే వచ్చింది. ఇన్స్‌ని 1995లో ఇటలీ క్లబ్బుకి అమ్మితే కొన్న ధరకు ఎన్నో రెట్లు పలికాడు. 1999లో బార్సిలోనాలో ఆఖరి నిమిషాల్లో యూరపు కప్పు గెలిపించిన రెండు గోలులూ కొన్న ఆటగాళ్ళవే: షెరింగమ్, సోల్‌షార్. ఆ రెండు గోలులకీ మూలమైన కార్నర్లు తన్నినవాడు మాత్రం పద్నాలుగేళ్ళప్పుడు వచ్చిన బెకమ్. రెండు పద్దులూ కలిస్తేనే ఇల్లు నడుస్తుంది.

మరి ఓపిక పడితే చాలు, అంతా అదే సర్దుకుంటుందా? నాకలా తోచడం లేదు. 2013 మేలో ఫెర్గుసన్ వెళ్ళిపోతూ, కొత్త మేనేజరు వెంట నిలబడండని జనాన్ని కోరాడు. డేవిడ్ మోయెస్‌కి ఆరేళ్ళ ఒప్పందం రాసిచ్చారు. 2014 మార్చిలో, మోయెస్ పొమ్మని రాసిన బానరును ఒక విమానానికి కట్టి మైదానం మీద ఎగరేశారు. ఏప్రిల్ 22న ఆయన్ని తీసేశారు. పదినెలలైనా నిండలేదు. 2014 వేసవిలో దాదాపు 6 కోట్ల పౌండ్లు పోసి అర్జెంటీనాకి చెందిన పేరుమోసిన దిమారియాని తెచ్చారు, ఏడాదికే అమ్మేశారు. 2016లో వాన్‌గాల్ అనే మేనేజరు ఎఫ్.ఎ. కప్పు ఫైనల్లో ఎవర్ని ఓడించాడో తెలుసా? క్రిస్టల్ ప్యాలెస్‌నే! రెండురోజులకి ఆయన్నీ పంపించేశారు. 1990లో ఒక మనిషికి ఊపిరిపోసిన కప్పే, అదే జట్టును ఓడించి గెలిచినా, 2016లో ఇంకొకరికి అక్కరకు రాలేదు. ఆ తరువాత మౌరిన్యో 2018లో, సోల్‌షార్ 2021లో, టెన్‌హాగ్ 2024లో. కోట్లు కొత్తవాళ్ళ కోసం పోస్తూనే ఉన్నారు. ఒకరు తెచ్చిన సామాను వచ్చినవాడికి నచ్చదు. ఎవరి పెరట్లో ఏ విత్తు ఉందో చూసేలోపే తాళాలు చేతులు మారిపోతాయి.

వీళ్ళందరికీ ఇంకా గడువిచ్చి ఉంటే గెలిచేవాళ్ళా? చరిత్రలో రెండోసారి నడిపి చూసే వీల్లేదు. మోయెస్ 2023లో వెస్ట్‌హామ్‌కి యూరపు కప్పు ఒకటి తెచ్చాడన్నది మాత్రం నిజం. గడువు ఇవ్వాలా వద్దా అనేదానికి ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుందని ఈ కథ చెబుతోంది. ఇతని చేతికింద ఏమైనా పెరుగుతోందా? పెరుగుతుంటే ఆగవచ్చు. కొనడమూ ఓడడమూ తప్ప ఇంకేమీ లేకపోతే, ఆ బానరు ఎత్తినవాడి మాటే నిజం.

మా మేనత్తకి ఆదివారంనాడు మావయ్య దగ్గర పద్దు ఒప్పజెప్పే మర్యాద ఉండేది. పాలకింత, కూరలకింత, చాకలికింత. అణా తేడా వచ్చినా సంజాయిషీ. ఆ పుస్తకంలో, పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుని ముగ్గురు ఆడపిల్లలకి ఎక్కాలు చెప్పిన సాయంత్రాలకు ఒక్క గడి లేదు. ఆ ముగ్గురూ తరువాత ఉద్యోగాలు చేశారు. మావయ్య చెడ్డవాడు కాడు. తన ముందున్న పేజీ చదివాడు, అంతే. రెండో పేజీ ఉందని ఆయనకి ఎవరూ చెప్పలేదు. మా అత్త కూడా చెప్పలేదు. ఇప్పుడు మన ఇళ్ళల్లో ఈ రెండో పద్దు గురించి నోరు విప్పవలసినవాళ్ళం మనమే.

ఆ మార్క్ రాబిన్స్ ఏమయ్యాడో చెప్పి ముగిస్తాను. ఆటమానేశాక తనూ మేనేజరయ్యాడు. 2017లో కవెంట్రీ క్లబ్బు చేరి, నాలుగో శ్రేణికి జారిన జట్టును రెండో శ్రేణికి తెచ్చాడు. 2023లో పై శ్రేణి వాకిట్లోకి తీసుకెళ్ళాడు. ఒక్క పెనాల్టీల పోటీలో తప్పిపోయింది. 2024 నవంబరులో, సీజను మొదట్లో కొన్ని ఓటములయ్యాక, కవెంట్రీ ఆయన్ని తీసేసింది.